మాది పంచభుజి

విదియ

నెమ్ము లేదు. ఎక్కడా కారడం లేదు. గాలి వాసన మామూలే. రూలు ప్రకారం ముందు చెప్పాల్సిన మూడు ముక్కలూ చెప్పేశాను. ఇక నా గోడు వినండి.

వంటింట్లో పొయ్యి పక్కన ఒక చెవి బిగించి, ఇంటి పెద్దావిడ రోజూ అందులో ఇంటి సంగతులు పలకాలని రూలు పెట్టారు అడుగుపేట ఆఫీసువాళ్ళు. సముద్రం అడుగున బతికేవాళ్ళం, ఎక్కడ చెమ్మ తగిలినా ముందే తెలియాలి, అందుకట. అందుకో, మా ఇళ్ళ గుట్టు లాగడానికో ఎవరికి తెలుసు? నాకైతే మొదటినుంచీ అనుమానమే. ఇవాళ మాత్రం అవతల ఎవరైనా ఉంటే చెవులు రిక్కించి వినండి.

పొద్దున నేను నాచు మిల్లుకి వెళ్ళేటప్పుడు మా ఇంటికి ఐదు గోడలు. తిరిగొచ్చేసరికి నాలుగే ఉన్నాయి. గుమ్మం మీద పలకలో "పంచభుజి" పోయి "చతుర్భుజం" వెలుగుతోంది. వేరే ఎవరింటికో వచ్చాననుకుని వెనక్కి తిరిగాను కూడా. లోపల మా మంచం, మా కుండలు, మా కోడలు కనిపించబట్టి ఆగాను.

మా పేటలో మనిషికో గోడ. బిడ్డ పుడితే ఒకటి చేరుస్తారు, మనిషి పోతే ఒకటి తీసి, మిగిలినవి దగ్గరికి జరిపి బిగిస్తారు. ఎన్ని గోడలో అదే ఇంటిపేరు. నేను పుట్టినప్పుడు షడ్భుజి మంగతాయారుని. తమ్ముడు పుట్టాక సప్తభుజి మంగతాయారుని. కాపరానికి వెళ్ళింది ఏడుగురున్న ఇంటికి, నేను అడుగుపెట్టగానే అది అష్టభుజి అయింది. ఆ తర్వాత అత్తమామలు పోయి, మరుదులు వేరుపడి, దిగుతూ దిగుతూ వచ్చాం. పై లోకంలో ఆడదానికి ఇంటిపేరు ఒక్కసారే మారేదని చెబుతారు. అదృష్టవంతులు.

ఇప్పుడు ఇంట్లో కనిపించేది నలుగురం. నేను, మా ఆయన కోదండం, కోడలు రాజ్యం, మనవరాలు పూర్ణ. ఐదోవాడు నా కొడుకు శ్రీపతి. పోయిన కొత్తనీటి కాలంలో లోయలో గొట్టాలు గీకడానికి వెళ్ళాడు. సుడి వచ్చింది, తిరిగి రాలేదు. రాలేదంటే రాలేదనే. పోయాడని చూసినవాళ్ళెవరూ లేరు. పరామర్శకని వచ్చినవాళ్ళతో నేను ఒట్టేసి చెప్పాను, వాడు పోయాడని నాతో ఎవరంటే వాళ్ళ మొహం జన్మలో చూడనని.

కనబడకుండా పోయినవాడి గోడ జోలికి ఆఫీసువాళ్ళు వాళ్ళంతట వాళ్ళు రాకూడదు. ఆ ఇంటి మనిషే లెక్కగదికి వెళ్ళి, గోడల కరణం ఎదుట నిలబడి, కొత్త ఇంటిపేరు మూడుసార్లు పలకాలి. అప్పుడే తీస్తారు. అంటే నా ఇంట్లో తిని, నా ఇంట్లో పడుకునే మనిషే వెళ్ళి "మాది చతుర్భుజం" అని మూడుసార్లు అని వచ్చిందన్నమాట.

"గోడేదే?" అన్నాను రాజ్యంతో.

"పట్టుకెళ్ళిపోయేరండి."

"తలుపెవరు తీసేరు?"

"నేనేనండి. ఆఫీసువాళ్ళు కదండీ, తియ్యకపోతే ఎలాగండి?"

కళ్ళెత్తి చూడలేదు. చేతిలో ఉన్న చేపని అవసరానికి మించి తోముతోంది. మా ఆయన బయటి షిఫ్టు నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి, నాలుగు గోడల వంకా చూసి, మంచం మీద కూలబడ్డారు. "ఆఫీసువాళ్ళు పొరపాటు పడ్డారేమోనే" అన్నారు. పాపం, నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ఆయనకి పొరపాట్లే కనిపిస్తాయి, పాపాలు కనిపించవు.

తదియ

నెమ్ము లేదు. కారడం లేదు. మూలబల్ల మూలకి పట్టడం లేదు. ఐదు గోడల ఇంటికి మూలలు వెడల్పుగా ఉంటాయి, ఆ కొలతకి చేయించిన బల్ల అది. నాలుగు గోడల మూల బిగుసుకుపోయింది. బల్ల లోపలికి పోక ముందుకి పొడుచుకొచ్చింది, వచ్చేపోయే ప్రతిసారీ నా మోకాలికి కొట్టుకుంటోంది.

పూర్ణ స్కూలు నుంచి ఏడుస్తూ వచ్చింది. వాళ్ళ క్లాసులో ఒక్కో ఇంటిపేరు వాళ్ళకి ఒక్కో బెంచీ. ఇన్నాళ్ళూ పంచభుజుల బెంచీ మీద కూర్చునే పిల్లని టీచరు లేపి చతుర్భుజాల బెంచీకి పంపిందట. అక్కడ పిల్లలు జరగలేదట. ఏడుస్తుంటే ఇంటిపేర్లు అప్పజెప్పమందట.

"చెప్పేవా?" అన్నాను.

"అన్నీ చెప్పేను మామ్మా. మూడైతే త్రిభుజం, నాలుగైతే చతుర్భుజం, ఐదు పంచభుజి, ఆరు షడ్భుజి, ఏడు సప్తభుజి, ఎనిమిది అష్టభుజి, తొమ్మిది నవభుజి, పది దశభుజి, పదకొండు ఏకాదశభుజి, పన్నెండు ద్వాదశభుజి." ఊపిరి పీల్చుకుంది. "ఆ పైన బహుభుజి అనెయ్యొచ్చంట."

నిజమే, ఆ పైన ఎవరికీ నోరు తిరగదు. పేట నడిబొడ్డున ఉన్న లెక్కగదికి ఎన్ని గోడలో మాలో ఎవరికీ తెలియదు. దూరం నుంచి గుండ్రంగానే కనిపిస్తుంది, దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టి తడిమితే గానీ మూలలు తెలియవు.

"మామ్మా, రెండైతే ఏ భుజి?"

"రెండు గోడలు ఎలా నిలబెట్టినా ఇల్లు మూసుకోదే. అందుకని దానికి పేరు లేదు."

"మరి ఒకటైతే?"

"అన్నం తిను."

తింటూనే వేళ్ళు లెక్కపెట్టుకుంది. "ఇవాళ తదియ, మూడు. రేపు చవితి, నాలుగు. ఎల్లుండి పంచమి, ఐదు. మనది రేపా, ఎల్లుండా?"

"ఎల్లుండే. మనది పంచభుజే."

"నాన్నతో కలిపేనా?"

"నాన్నతో కలిపే" అన్నాను. రాజ్యం గబుక్కున లేచి లోపలికి వెళ్ళింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నేను చూడలేదనుకుంది.

చవితి

నెమ్ము సంగతి నాకు తెలియదు, ఇవాళంతా లెక్కగదిలోనే ఉన్నాను.

గోడల కరణం విరూపాక్షం సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ దగ్గుతూ ఉండే మనిషి. నన్ను చూడగానే నాకన్నా ముందు దగ్గు మొదలుపెట్టాడు.

"మా ఇంటిపేరు మార్చమని ఎవరొచ్చి చెప్పేరు బాబూ?"

"అది చెప్పకూడదమ్మా. ఈ గదిలో పలికిన గొంతు ఈ గది దాటదు."

"పోనీ ఆడగొంతా, మగగొంతా?"

"అదీ చెప్పకూడదండి."

"నాకు చెప్పక్కర్లేదులే. ఇంటిదొంగని ఈశ్వరుడు పట్టలేడేమో గానీ మంగతాయారు పట్టగలదు" అన్నాను. అప్పుడు అతను నా వంక జాలిగా చూశాడు. ఆ జాలి నాకు నచ్చలేదు. ఇతనికీ ఏదో తెలుసు.

చివరికి నా అభ్యంతరం రాసుకున్నాడు. తీసిన గోడని కొట్టులో పున్నమి దాకా ఉంచి, ఆ తర్వాత కరిగించి, కొత్తగా బిడ్డ పుట్టిన ఇంటికి పోస్తారు. ఈలోగా త్రయోదశి నాడు ఇంటిల్లిపాదీ లెక్కగదిలో నిలబడి ఒక్కొక్కరూ ఇంటిపేరు పలకాలి. అందరూ పంచభుజి అంటే గోడ తిరిగొస్తుంది. ఒక్కరు వేరే పేరు పలికినా రాదు.

"తప్పు పేరు పలికిన ఇల్లు కారుతుందంటారు, గుర్తుందిగా అమ్మా?" అన్నాడు కరణం.

నాకు గుర్తుండకపోవడమేమిటి. అడుగుపేటలో ఎవరైనా ఎక్కడైనా అబద్ధమాడతారు గానీ లెక్కగదిలో ఇంటిపేరు విషయంలో ఆడరు. నెత్తిన ఇంత సముద్రం పెట్టుకుని ఎవరాడతారు? అదే నాకు కావాలి. ఆ రోజు రాజ్యం అందరి ముందూ నోరు విప్పక తప్పదు.

నా భయమంతా ఒక్కటే. గోడ కరిగిపోయాక వాడొస్తే? పేట ద్వారం దగ్గర ఇంటిపేరు అడుగుతారు. "పంచభుజి శ్రీపతిని, కోదండం గారి అబ్బాయిని" అంటాడు పిచ్చినాయన. ఆ ఇల్లు లేదంటారు. పేరు సరిపోనివాడికి ద్వారం తెరుచుకోదు. నా కొడుకు నా గుమ్మానికి ఇంత దూరంలో నిలబడి, సూటులో గాలి అయిపోయేదాకా తలుపు కొడుతూ ఉంటాడు.

షష్ఠి

కారడం లేదు. మిల్లులో నాచు ఆరబోస్తుంటే ద్వాదశభుజి సుభద్రమ్మ పక్కకి చేరింది. పన్నెండుమంది ఇల్లు వాళ్ళది. పలకమీద పేరు పట్టక రెండు వరసల్లో రాయించుకున్నామని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది.

"నాకెందుకులే గానీ మంగతాయారూ" అని మొదలుపెట్టింది. ఆవిడ అలా మొదలుపెడితే కొంప మునిగిందన్నమాటే. "మీ రాజ్యం పంపులగదికేసి తెగ తిరుగుతోందేంటీ?"

"పంపులగదిలో దానికేం పని?"

"అదే నేనూ అనుకున్నాను. గవర్రాజు లేడూ, అష్టభుజి వాళ్ళ రెండోవాడు, ఇంకా పెళ్ళి కాలేదు, అతనితో గోడవార నిలబడి మాట్లాడుతోందమ్మా. మాటలంటే మామూలు మాటలు కాదు, గుసగుసలు. మంచి కుర్రాడేలే. పిల్లతో వాళ్ళింట్లోకి వెళ్తే దశభుజి అవుతుంది, రౌండు లెక్క."

నాచు చేతిలోంచి జారిపోయింది. నిప్పు లేనిదే పొగ రాదు. మొగుడి గోడ నిలబడి ఉన్నంతకాలం దానికి మళ్ళీ పెళ్ళి లేదు. గోడ పడితే తెల్లారే చేసుకోవచ్చు. అందుకా నా కొడుకుని లెక్కలోంచి కొట్టేసింది! రేపు ఇదీ, పిల్లా వెళ్ళిపోతే మిగిలేది నేనూ, మా ఆయనా. ఇద్దరికి ఇల్లు కట్టరు. ఆయన్ని ఒకరింట్లో, నన్ను ఒకరింట్లో అదనపు గోడల్లా అతికిస్తారు. ముసలితనంలో మొగుణ్ణి చూడాలంటే ఇంకొకరి తలుపు కొట్టాలి.

ఇంటికొచ్చి ఆయనతో చెబితే, గవర్రాజు పేరు వినగానే ఆయన తాగబోతున్న గ్లాసు కింద పెట్టేశారు.

"గవర్రాజు మా షిఫ్టేనే. మంచోడు" అన్నారు.

"మీకు పులి కూడా మంచిదే" అన్నాను.

సప్తమి

నెమ్ము చూడలేదు. కోడలి వెనక వెళ్ళాను. అవును, దొంగచాటుగానే వెళ్ళాను, రాసుకోండి.

పంపులగది మలుపులో నక్కి చూశాను. రాజ్యం కొంగు కింద నుంచి ఒక మూట తీసి గవర్రాజుకి ఇచ్చింది. అతను రెండు చేతులతో అందుకున్నాడు. ఏదో అన్నాడు. ఇది తలూపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందనిపించింది నాకు.

పరుగున ఇంటికొచ్చి పెట్టె తీశాను. శ్రీపతి బట్టలన్నీ ఉన్నాయి, పెళ్ళిచొక్కా లేదు. పై లోకం నుంచి మా మామగారి తాత తెచ్చిన నూలుబట్టతో కుట్టించిన చొక్కా అది. పేటంతా వెతికినా అలాంటి బట్ట లేదు. నా కొడుకు పెళ్ళిచొక్కా తీసుకెళ్ళి ఇంకొకడికి ఇచ్చేసింది!

కడుపు మండిపోయింది. ఆ మంటలోనే వంట చేశాను, ఆ మంటలోనే కసిదీరా తిన్నాను. ఎదురుగా కూర్చుని రాజ్యం నా కంచంలో ఇంకో చేపముక్క వేసింది. పైకి ఎంత వినయమో. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది.

అష్టమి

కారడం లేదు. నీళ్ళు మాత్రం అయిపోయాయి. ఎందుకంటారా?

అష్టమికి పోటు సద్దుమణుగుతుంది కాబట్టి బయటి పనివాళ్ళంతా లోయలోకి దిగుతారు. మా ఆయనా వెళ్ళారు. ఆలస్యంగా వచ్చి, నాతో మాట కూడా మాట్లాడకుండా నేరుగా స్నానాలగదిలోకి వెళ్ళి తలమీంచి పోసుకున్నారు. అలవాటు లేని పని. "ఒళ్ళు వెచ్చగా ఉందా ఏంటండీ?" అంటే "ఉప్పు పట్టేసిందే" అన్నారు.

ఆయన రాగానే రాజ్యం వెళ్ళింది. అదీ తలమీంచే పోసుకుంది. మంచినీళ్ళు కొలిచి పోసే ఊళ్ళో, పండగా పబ్బమూ లేకుండా, ఇద్దరు మనుషులు ఒక్కరోజు తలస్నానం! ఆయనదంటే ఉప్పు. దీనిదేమిటి? ఎవడి కోసం ఈ ముస్తాబు? తడిజుట్టు విరబోసుకుని గోడకి చేరబడి కూర్చుంది, పూర్ణని ఒళ్ళో పెట్టుకుని. పిల్ల తల నిమురుతోంది గానీ చూపు ఎక్కడో ఉంది. దీపం కూడా తనే పెట్టింది, రోజూ పెట్టే చోట కాదు, దక్షిణం వైపు.

నేను ఏమీ అనలేదు. త్రయోదశి ఎంతో దూరం లేదు.

దశమి

అనకుండా ఉండడం నావల్ల కాలేదు.

మా ఆయన షిఫ్టుకి, పిల్ల స్కూలుకి వెళ్ళాక తలుపు వేసి అడిగాను.

"చొక్కా ఎవరికిచ్చేవు?"

రాజ్యం మొహం పాలిపోయింది. "అడక్కండి అత్తయ్యగారూ."

"నా కొడుకు చొక్కా. నేను అడక్కపోతే ఎవరడుగుతారు?"

"మీ కాళ్ళు పట్టుకుంటాను, అడక్కండి."

"గవర్రాజుకిచ్చేవు. నేను చూసేను. వాణ్ణి చేసుకుంటావా?"

రాజ్యం తలెత్తి నా కళ్ళలోకి చూసి, నెమ్మదిగా, ప్రతి మాటా కూడబలుక్కుంటున్నట్టు అంది. "అలాగే అనుకోండి."

"అంటే గోడ తీయించింది నువ్వే!"

"అలాగే అనుకోండి అత్తయ్యగారూ. నన్ను తిట్టండి. ఎంత కావాలంటే అంత తిట్టండి."

తిట్టాను. నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను, రానివి అక్కడికక్కడ కల్పించి తిట్టాను. ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. అయ్యాక నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు విసిరికొట్టాను. మరి ఇంత తప్పు ఒప్పుకున్న మనిషి నా వంక అలా తల్లిలా చూడడమేమిటి? ఏదో ఉంది. ఇంకా పెద్దదేదో ఉంది.

ద్వాదశి

నెమ్ము లేదు. పూర్ణ చేత "మాది పంచభుజి" అని గట్టిగా అనడం అలవాటు చేయిస్తున్నాను. చిలకలా అంటోంది.

"మీరూ గొంతు పెంచాలి" అన్నాను ఆయనతో. "మీరు గొణిగితే కరణానికి వినపడదు."

"నేను రాకపోతే ఏం?" అన్నారు.

"ఇంటిల్లిపాదీ రావాలన్నారు."

"మంగా, ఈ గోడ గొడవ వదిలెయ్యరాదూ?"

"వదిలేసి? వాడొచ్చి ద్వారం దగ్గర నిలబడితే ఏ మొహం పెట్టుకుని చూస్తారు?"

ఆయన నా మీంచి చూపు తిప్పేశారు. రాజ్యం కేసి చూశారు. రాజ్యం ఆయన కేసి చూసి అడ్డంగా తలూపింది. ఆ చూపుల్లో ఏముందో నాకు అంతుపట్టలేదు. ఆయన్ని కూడా మంచి చేసుకుంది కాబోలు ఈ మాయలాడి. ఈ ఇంట్లో నా పక్షాన మిగిలింది చిన్నపిల్ల ఒక్కత్తే.

త్రయోదశి

లెక్కగది నిండా జనమే. సుభద్రమ్మ మిగతా పదకొండుగురినీ వెంటేసుకుని ముందు వరసలో కూర్చుంది. మమ్మల్ని మధ్యలో నిలబెట్టారు. కరణం దగ్గడం ఆపి, "చిన్నవాళ్ళ నుంచి మొదలుపెడదాం" అన్నాడు.

"మాది పంచభుజి" అంది పూర్ణ. ఆ గుండ్రటి గదిలో దాని గొంతు చుట్టూ తిరిగి మళ్ళీ మా దగ్గరికి వచ్చింది.

తర్వాత రాజ్యం. నేను దాని నోటికేసే చూస్తున్నాను. ఇదిగో ఇప్పుడు దొరుకుతుంది, ఇప్పుడు అందరికీ తెలుస్తుంది అనుకుంటున్నాను.

"మాది పంచభుజి" అంది రాజ్యం.

సభంతా గుసగుసలు రేగాయి. ఇల్లు కారుతుందన్న భయం కూడా లేకుండా అబద్ధమాడిందా? లేక నేను పొరబడ్డానా? ఇది కాకపోతే ఎవరు? పిల్ల కాదు. నేను కాదు.

నా వంతు వచ్చింది. "మాది పంచభుజి" అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు.

ఇక ఆయన. అందరూ చూస్తున్నారు. "కోదండంగారూ, పలకండి" అన్నాడు కరణం. ఎంత మెత్తగా అన్నాడో.

"అనెయ్యండి మావయ్యగారూ" అంది రాజ్యం ఏడుస్తూ. "అనెయ్యండి, ఏం కాదు. కారితే కారనివ్వండి."

ఆయన నా వైపు తిరిగారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నాకు అంత సూటిగా ఎదురు నిలబడడం ఎప్పుడూ చూడలేదు.

"మాది చతుర్భుజం" అన్నారు.

నాకు చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి.

"వాణ్ణి పడుకోబెట్టి వచ్చేను మంగా. మళ్ళీ లేపి నిలబెట్టకే" అన్నారు.

చతుర్దశి

నెమ్ము లేదు. కారడం లేదు.

నిన్న ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. ఒట్టేసుకున్నాను కదా, ఆ మాటన్నవాళ్ళ మొహం చూడనని. ఆయన మంచం పక్కనే నేల మీద కూర్చున్నారు. లేచి వెళ్ళమనలేదు, ఉండమనలేదు.

ఇవాళ అటు తిరిగే అడిగాను. ఆయన చెప్పారు. కొత్తనీటి కాలం నుంచి ప్రతి షిఫ్టులోనూ పని ముగించుకుని, మిగిలిన గాలితో లోయ అంచున వెతికేవారట. పోయిన అమావాస్యకి గొట్టాల వంతెన కింద కనిపించాడట. గవర్రాజు తోడున్నాడట. పేరు మారిస్తే గానీ పోయినవాళ్ళకి ఇసకలో చోటు ఇవ్వరు, గోడ నిలబడి ఉండగా పడుకోబెడితే వాడు కుదురుగా ఉండడని భయం. అందుకని తనే వెళ్ళి మూడుసార్లు పలికి వచ్చారు. ముందు రాజ్యంతో చెప్పారు. నాతో చెప్పలేకపోయారు. పోటు తగ్గిన అష్టమి నాడు వాడికి పెళ్ళిచొక్కా తొడిగి ఇసకలో పడుకోబెట్టారు.

రాజ్యం గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. దానివైపు తిరగడానికి నాకు మొహం చెల్లలేదు. అన్నేసి మాటలన్నాను. నా నోరు పడిపోను. వాడు దానికీ మొగుడే కదా, దాని ఏడుపు అది ఎప్పుడు ఏడ్చిందో కూడా నేను చూడలేదు.

"నాతో ఒక్క మాట చెప్పకూడదే?" అన్నాను చివరికి.

"వారు కనబడలేదన్నప్పుడు మీరు ముద్ద ముట్టలేదండి. మంచం దిగలేదండి" అంది. "నా మీద కోపం వచ్చేక రోజూ కడుపు నిండా తిన్నారండి. నడిచి లెక్కగదికెళ్ళేరు. నా వెనకాల పంపులగది దాకా వచ్చేరు కూడాను. మిమ్మల్ని చూసేనండి నేను. ఇలాగైనా కొన్నాళ్ళు గడుస్తుందనుకున్నాను."

చెయ్యి చాపాను. వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఆ చొక్కాకి మెడ దగ్గర గుండీ లేదే."

"కుట్టి పంపేనండి."

పక్కింట్లో ఎవరో రుబ్బుతున్న చప్పుడు వినిపిస్తోంది. అప్పుడు ఆయన వైపు తిరిగాను. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో ఉండి నేను చూడలేదు.

"వాడి నడుముకి అన్నం డబ్బా ఉందా?" అన్నాను.

"ఉందే."

"తిన్నాడా?"

"తిన్నాడు. మూత తీసి చూసేను. అడుగున ఒక్క మెతుకు లేదు. ఊడ్చుకు తిన్నాడు."

అప్పుడొచ్చింది నాకు ఏడుపు.

ఆ రోజు వాడికి చేపల పులుసు కట్టింది నేనే. తొందరలో రెండోసారి ఉప్పు వేశానేమోనని, వాడు నోట పెట్టలేక ఆకలితోనే దిగాడేమోనని ఇన్నాళ్ళూ నాకో అనుమానం ఉండేది. ఎవరితోనూ అనలేదు.